కొత్త మోటారుసైకిలు – కొనదగిన పరికరములు



ఇంటికి కొత్తబండి వచ్చిన నాటి సంతోషము చెప్పనలవి గాదు. పసుపు కుంకుమ లలంకరించి, పూలదండ వేసి, కొబ్బరికాయ కొట్టి, చక్రముల క్రింద నిమ్మకాయలు త్రొక్కించి తెచ్చిన పిమ్మట, మఱునాటినుండి మఱియొక ముచ్చట యారంభ మగును. బండికి ఏమేమి తగిలింపవలెను? ముందు ఇనుపకమ్ములు, వెనుక పెట్టెలు, అదనపు దీపములు, గాలియద్దము, మెత్తని సీటు, ఫోను నిలుపు పట్టుకొమ్మ – అంగడివాడు చూపు పట్టికకు అంతు లేదు. దూరప్రయాణములకై చేయబడిన బండి యైనచో ఆ పట్టిక మఱింత పొడుగు. మగవారు దీనినిగూర్చి గంటల తరబడి ముచ్చటింతురు. ఇంటి యాడువారు మాత్రము “అది మాకు దెలియని సంగతి” యని ప్రక్కకు తొలగుదురు. ఇది తగిన పని కాదు.

ఏలయన, ఆ బండిపై వెనుక కూర్చుండువారు తఱచుగా స్త్రీలే. నేడు మనలో ననేకులు తామే బండి నడుపుకొని దూరము పోవుచున్నారు గూడ. ఖర్చగు సొమ్ము ఇంటిది. ప్రయాణమునం దుండు ప్రాణములు రెండు. కావున ఏది ముందు కొనవలెను, ఏది తరువాత కొనవలెను, ఏది యసలే యక్కఱ లేదు అను తెలివి గృహిణికి వంటింటి సరకుల తెలివివలెనే యుండదగినది.

ఈ విషయము స్త్రీలకు కొత్తదియు గాదు. 1915 లో ఎఫీ హాచ్‌కిస్ అను అమెరికా యువతి తన తల్లి ఏవిస్‌ను ప్రక్కబండిలో కూర్చుండబెట్టుకొని, న్యూయార్కు నుండి శాన్‌ఫ్రాన్సిస్కో వఱకు మోటారుసైకిలుపై దేశము నీ చివరనుండి యా చివరకు దాటినది. త్రోవలో రబ్బరు ట్యూబు లైపోగా, ఆమె కంబళిని కత్తిరించి, చుట్టచుట్టి, టైరులో కూరి బండి నడపినది. 1934 డిసెంబరులో థెరిసా వాలక్, ఫ్లారెన్స్ బ్లెంకిరన్ అను నిరువు రాంగ్లేయ వనితలు లండనులో బయలుదేరి, సహారా యెడారి గడచి, 1935 జూలైలో దక్షిణాఫ్రికాయందలి కేప్‌టౌను చేరిరి. వీరి బండికి ప్రక్కబండియు, వెనుక సామానుబండియు నుండెను. దూరము పోవువారికి ఏ వస్తువు ప్రాణాధారమో, ఏ వస్తువు బరువో, వారికి ప్రతిమైలును నేర్పియుండును.

ముందుగా ఎవరికి కొనవలెను?

పరికరములు రెండు విధములు. కొన్ని బండికి తొడుగునవి. కొన్ని మనుష్యులు తొడుగుకొనునవి. కొత్తబండి కొన్న యుత్సాహములో సొమ్ము మొదటి విధమునకే ప్రవహించును. ఇనుపకమ్ములు మెఱయును; దీపములు వెలుగును; చూచినవారు మెచ్చుకొందురు. వెనుక కూర్చుండువారికి మాత్రము పాత హెల్మెట్టు, లేక అసలు హెల్మెట్టే లేకపోవుట మనము దినదినము చూచుచున్న సంగతి.

దీని ఫలితము భారతప్రభుత్వ రోడ్డు రవాణా శాఖ ప్రకటించిన లెక్కలలో గానవచ్చుచున్నది. 2022 వ సంవత్సరమున మనదేశములో హెల్మెట్టు ధరింపనందున మరణించినవారు 50,029 మంది యని యా శాఖ తెలిపినది. ఇందులో బండి నడుపువారు 35,692 మంది. వెనుక కూర్చున్నవారు 14,337 మంది. ఈ రెండవ యంకెను తల్లులారా, ఒక్క నిమిషము నిలిచి చూడుడు. వీరు బండిని నడపలేదు, వేగమును నిర్ణయింపలేదు, బ్రేకు వారి చేతిలో లేదు. ఎదుట వచ్చు గుంటగాని, బఱ్ఱెగాని, లారీగాని వారికి కనబడనే కనబడదు. నడుపువాడు అపాయమును చూచి యర సెకనైన ముందుగా శరీరమును బిగించుకొనగలడు. వెనుకనున్న వారికి ఆ యర సెకను గూడ లేదు. గంటకు 80 కిలోమీటర్ల వేగమున బండి సెకనుకు 22 మీటర్లు పోవును. కనుక నేను చెప్పదలచిన మాట యొక్కటే: కొత్తబండికి తొలి పరికరము వెనుక కూర్చుండువారి హెల్మెట్టు. తక్కిన వన్నియు దాని తరువాత.

శిరస్త్రాణము

హెల్మెట్టు కథ యొక ప్రమాదముతో ముడిపడియున్నది. 1935 మే నెలలో ‘అరేబియా లారెన్సు’ అని ప్రఖ్యాతి గాంచిన టి. ఇ. లారెన్సు ఇంగ్లండులో మోటారుసైకిలుపై బోవుచు, త్రోవలో సైకిళ్లమీద వచ్చు బాలురను తప్పింపబోయి పడిపోయి, తలకు తగిలిన దెబ్బవలన కొన్ని దినములకే మరణించెను. ఆయనను చూచిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అను మెదడు శస్త్రవైద్యు డొకడు. ఆయన యీ చావును మఱువలేదు. మోటారుసైకిలు నడుపు సైనికుల తలగాయములను పరిశీలించి, 1941 లో నొక వ్యాసము ప్రకటించి, శిరస్త్రాణము ప్రాణమును కాపాడునని సాక్ష్యములతో చూపెను. ఆ యేటనే బ్రిటిషు సైన్యమున మోటారుసైకిలు సైనికులకు హెల్మెట్టు నిర్బంధ మయ్యెను.

మనదేశమున 1988 నాటి మోటారు వాహనముల చట్టమునందలి 129 వ సెక్షను ప్రకారము నడుపువారును, వెనుక కూర్చుండువారును, నాలుగేండ్లు దాటిన ప్రతివారును హెల్మెట్టు ధరింపవలెను. తలపాగా ధరించు సిక్కులకు మాత్రము మినహాయింపు గలదు. 2021 జూన్ 1 వ తేదీనుండి భారత ప్రమాణముల సంస్థ గుర్తు లేని ద్విచక్రవాహనపు హెల్మెట్టును అమ్ముటయే నిషిద్ధము. కొనునప్పుడు ఐ.ఎస్.ఐ. గుర్తును, దానిపై 4151 అను ప్రమాణసంఖ్యను, క్రింద లైసెన్సు సంఖ్యను చూడుడు. ఆ సంస్థవారి ‘బి.ఐ.ఎస్. కేర్’ అను ఫోను సాధనమున నా లైసెన్సు సంఖ్యను వేసి నిజానిజములు తేల్చుకొనవచ్చును. రోడ్డుప్రక్క గుట్టగా పోసి యమ్ము టోపీలవలన పోలీసువారి జుల్మానా తప్పవచ్చును గాని, తల తప్పదు.

హెల్మెట్టులోపల నుండునది థర్మోకోలు జాతికి చెందిన దళసరి పొర. తలకు దెబ్బ తగిలినప్పుడు అది నలిగి, దెబ్బలోని బలమును తాను మ్రింగును. ఒకమారు నలిగిన పొర తిరిగి లేవదు. కావున గట్టిగా దెబ్బతిన్న హెల్మెట్టు, పైకి చక్కగా గనబడినను, పనికిరాదు. “బావగారిది పాతది యున్నదిగదా, అమ్మాయికి అదియే చాలును” అనుమాట యిందువలననే కూడదు.

కొలత మన విషయములో మఱింత ముఖ్యము. నుదుటిమీదుగా తలచుట్టు టేపుతో కొలిచి, ఆ కొలతకు తగినది తీసికొని, అంగడిలోనే పదునైదు నిమిషము లుంచుకొని చూడవలెను. బుగ్గలు ఒత్తుకొనవలెను గాని కణతలు నొప్పి పెట్టరాదు. తల నటునిటు త్రిప్పినప్పుడు హెల్మెట్టు తలతోగూడ తిరుగవలెను. గడ్డము క్రింది పట్టీ బిగించిన పిమ్మట రెండు వ్రేళ్లు మాత్రమే దూరవలెను. వెనుకనుండి ముందునకు లేపి చూచినప్పుడు ఊడిరాకూడదు. కొప్పు పెట్టుకొని కొలత తీసికొన్నచో హెల్మెట్టు పెద్దదై, జడ వేసుకొన్న నాడు వదులగును. కనుక మెడకు దిగువగా నొక జడ వేసుకొని కొలత చూచుకొనుడు. ప్రయాణమునందును అదేవిధముగా నుండుడు. సూదులు, ఇనుపక్లిప్పులు, పెద్ద లోలకులు ముందే తీసి సంచిలో వేసికొనుడు. దెబ్బ తగిలిన వేళ అవి తలలోనికి, చెవిలోనికి దిగును. గడ్డమువఱకు కప్పు నిండు హెల్మెట్టే దూరప్రయాణమునకు తగినది. సగము టోపీ ముఖమును కాపాడజాలదు.

దుస్తులు

మనయందు జాకెట్టన్న రవికయే గాన, ఇచ్చట చెప్పునది స్వారీకోటని గ్రహింపుడు. దీని భుజములందును, మోచేతులందును, వీపునందును మెత్తని కవచపు ముక్కలు కుట్టియుండును. ఐరోపా ప్రమాణముల ప్రకారము వీనికి మొదటి తరగతి, రెండవ తరగతి యని గుర్తులుండును. రెండవది ఎక్కువ రక్షణ నిచ్చును. కొన్ని కోట్లలో వీపుభాగమున కవచమునకు బదులు ఉత్త స్పాంజి ముక్క పెట్టి యమ్ముదురు. చేయిపెట్టి చూచి యడుగుడు.

మన యెండలకు జల్లెడవంటి నేతగల కోటు తగును. దానిక్రింద నూలుబట్టను తడిపి వేసికొన్నచో గాలి తగిలి చల్లదన మిచ్చును. 40 డిగ్రీలు దాటిన యెండలో ఒంటిని గాలికి వదలుటవలన చల్లనగునని తలంతురు. ఆ వేడిగాలి శరీరములోని నీటినే పీల్చును. చలికాలపు సంగతి వేఱు. అరకు, లంబసింగి వంటి ప్రదేశములలో తెల్లవారుజామున 10 డిగ్రీలున్నప్పుడు గంటకు 60 కిలోమీటర్ల వేగమున బోయినచో, గాలివలన శరీరమునకది 5 డిగ్రీలవలె తోచును. వ్రేళ్లు కొంకరలు పోయి, పట్టు వదలును. చేతితొడుగులు ఈ చలికే గాక, క్రింద పడునప్పుడు మనుష్యుడు మొదట నేల కానించు అరచేతులకు గూడ రక్ష. చీలమండ కప్పు బూట్లు మూడవవి. వెనుకనున్నవారు చెప్పులతో బయలుదేరుట వాడుక. పొగగొట్టము వేడికి కాలినది, ఆకురాయివంటి రోడ్డుకు గీచుకొన్నది, ఆ పాదమే.

చీరయు, ప్రక్కపెట్టెయు

ఇచ్చటనే గృహిణి మాట గట్టిగా వినబడవలసిన ఘట్టము. కేంద్ర మోటారు వాహన నియమములలో 123 వ నియమము ప్రకారము, వెనుక మనిషి కూర్చుండు వీలుగల ప్రతి మోటారుసైకిలునకును మూడు వస్తువులుండి తీరవలెను: పట్టుకొనుటకు స్థిరమైన కమ్మి, పాదము లుంచుకొనుటకు ఆధారము, బట్టలు చిక్కుకొనకుండ వెనుకచక్రమునందు సగమునకు తక్కువ గాకుండ కప్పు రక్షణ. ఈ మూడవదానినే మనము శారీగార్డనుచున్నాము. ఇవి యలంకారములు గావు, చట్టము చెప్పిన కనీసములు.

అయితే దూరప్రయాణమునకై ప్రక్కపెట్టెలు తగిలించునప్పుడు మెకానికు చేయు మొదటి పని, అనేక బండ్లలో, ఎడమవైపు శారీగార్డును విప్పివేయుట. పెట్టె నిలుపు చట్రమున కా స్థలమే కావలెను. సామానుకొఱకు మనిషి రక్షణ తీసివేయబడినదని యెవరును గమనింపరు. వెనుక కూర్చుండు నామె గూడ గమనింపదు. చీరకొంగో, చున్నీయో గాలికెగిరి చక్రపు కమ్ములలోను, గొలుసులోను చుట్టుకొన్న క్షణములో మనిషిని వెనుకకు లాగివేయును. మెడచుట్టు తిప్పిన చున్నీ యైనచో చెప్పనక్కఱలేదు.

కనుక చట్రము బిగింపకముందే అడుగవలసిన ప్రశ్న: “గార్డు ఉండగనే యీ చట్రము నిలుచునా?” నిలుచునట్లు చేసిన చట్రములు గలవు, వానినే కోరవలెను. గార్డును వదలుకొన తప్పనిసరి యైనచో, పెట్టెలు గట్టివై చక్రమును నిండుగా కప్పవలెను. పెట్టెలు తీసివేసిన దినమున గార్డు తిరిగి బిగింపవలెను.

దీనితోబాటు మఱియొక నిజమును గూడ చెప్పుకొనక తప్పదు. ప్రక్కపెట్టెలున్న బండిపై ఒకవైపునకు కూర్చుండుటకు చోటుండదు. ఉన్నను దూరప్రయాణమున నది క్షేమము గాదు. శరీరభార మంతయు నొకవైపునకే పడును, బ్రేకు పడినప్పుడు మోకాళ్లతో అదుముకొనుటకు వీలుండదు, ఘాటుమలుపులలో బండి వంగినప్పుడు నడుము దానితో వంగదు. ఇరుప్రక్కల కాళ్లు వేసి, రెండు పాదములు ఆధారములపై నుంచి కూర్చుండుటయే మేలు. దానికి చుడీదారో, ప్యాంటో ధరించి, చున్నీని నడుమునకు ముడివేసికొని, పైన కోటు బొత్తాములు పెట్టుకొనవలెను. చీర సంచిలో మడతపెట్టుకొని, ఊరు చేరిన పిమ్మట కట్టుకొనవచ్చును. అత్తవారింటివారికి ఈ సంగతి ముందే నచ్చజెప్పుట భర్త బాధ్యత.

వెనుకసీటు మెత్తదనము, నడుమున కానుకొను పీటయు చాలామంది చివర కొందురు. వెనుక కూర్చుండువారు ముందే కొనిపింపవలెను. రెండుగంటలు కూర్చుండి చూచినగాని సీటు మంచిచెడ్డలు తెలియవు. మెత్తన యెక్కువైన సీటు మొదటి పది నిమిషములు హాయి, పిమ్మట నడుము నొప్పి. కొంచెము గట్టిగా, వెడల్పుగా నుండునది మేలు.

సామాను – బరువు లెక్క

ప్రతి మోటారుసైకిలు ఇంతబరువే మోయవలెనని తయారుచేసినవారు నిర్ణయింతురు. పుస్తకములో బండి సొంతబరువు, నిండుబరువు అని రెండంకె లుండును. మొదటిదానిని రెండవదానినుండి తీసివేసినచో మనము మోపదగిన బరువు వచ్చును. బజారు లెక్కలు చక్కగా చేయు మనకు ఈ తీసివేత యొక లెక్క గాదు.

ఉదాహరణమునకు ఒక బండి 180 కిలోలు మోయగలదనుకొందము. భర్త 75, భార్య 60 అయినచో 45 మిగులును. ఇద్దఱి హెల్మెట్లు, కోట్లు, బూట్లు కలిపి 12 పోగా 33. ముందు కమ్ములు, అడుగు రేకు, పెట్టెల చట్రము కలిపి 12 పోగా 21. మూడు ఖాళీ పెట్టెలు 12 పోగా 9. ఇక బట్టలకు, నీటికి, పనిముట్లకు, తల్లిగారు కట్టియిచ్చు పచ్చడి జాడీలకు కలిపి మిగిలినది 9 కిలోలు మాత్రమే! బరువు మించిన బండికి బ్రేకు ఆలస్యముగా పడును, టైరు వేడెక్కును, మలుపులో ముందుచక్రము తేలిపోవును. ఇనుప పెట్టెలకు బదులు గట్టి గుడ్డతో కుట్టిన సంచులు తెచ్చినచో బరువు చాల తగ్గును. పడినప్పుడు కాలిపై నలుగునది గుడ్డసంచియే యగుట మఱియొక లాభము. గట్టి పెట్టెకు తాళముండుట, వాన చొరకుండుట దాని గుణములు.

2020 లో విడుదలయిన రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350 వంటి బండి తానే 191 కిలోలుండును. 15 లీటర్ల పెట్రోలు పట్టును. ఈ కంపెనీ పేరుతో 1955 నుండి మదరాసులో బండ్లు తయారగుచుండుటవలన మన తెలుగు దేశమున దీని మెకానికులు ఊరూర గలరు. ఇంత బరువైన బండి నిలుచున్నచోటనే ప్రక్కకొరిగినచో ఆపుట కష్టము. అందువలన వెనుకవారు ఎక్కునప్పుడు, దిగునప్పుడు “ఎక్కనా? దిగనా?” యని యడిగి, “సరే” యను మాట విన్న పిమ్మటనే కదలవలెను.

సామాను సర్దుటలో బరువైనవి క్రిందను, బండి నడుమునకు దగ్గరగాను ఉండవలెను. కుడియెడమలు సమముగా నుండవలెను. వెనుకచక్రపు ఇరుసునకు ఆవలి నెత్తిపెట్టెలో తేలికవి మాత్రమే – వానకోటు, తువాలు, అటుకులు. దానిలో నీళ్లసీసాలు నింపినచో తక్కెడవలె ముందుచక్రమును పైకెత్తును. వేగమున హ్యాండిలు వణకును. 2020 నాటి నియమముల ప్రకారము సామాను పెట్టె పొడవు 550, వెడల్పు 510, ఎత్తు 500 మిల్లీమీటర్లు మించరాదు. వెనుక మనిషి కూర్చుండు చోట పెట్టె పెట్టినచో నడుపువాడు తప్ప మఱియొకరు ఎక్కరాదు. ఇద్దఱు కూర్చున్నప్పుడు టైరుగాలి, వెనుక స్ప్రింగుల బిగువు ఎంతకు పెంచవలెనో పుస్తకములో నుండును; పైసా ఖర్చు లేని యీ పనియే చాలామంది మఱచునది.

కమ్ములు, అద్దములు, దీపములు

క్రాష్‌గార్డని పిలుచు ముందు ఇనుపకమ్ములు కాళ్లను కాపాడునని మనవారి నమ్మకము. అమెరికాలో హ్యారీ హర్ట్ అను పరిశోధకుని బృందము లాస్ ఏంజిలిస్ ప్రాంతమున 900 మోటారుసైకిలు ప్రమాదములను స్వయముగా పరిశీలించి 1981 లో నివేదిక ప్రకటించినది. ఆ కమ్ములు పాదమునకు, చీలమండకు గాయములు తగ్గించినను, మోకాలికి, తొడకు గాయములు పెంచునని, మొత్తముమీద శరీరమునకు లాభము లేదని అందులో తేలినది. నిలుచున్న బండి ఒరిగినప్పుడు ఇంజనునకు దెబ్బ తగులకుండుట మాత్రము నిజమైన లాభమే. ఆ విలువకే కొనవలెను. ప్రాణరక్షయని నమ్మి హెల్మెట్టు సొమ్ము దానికి పెట్టరాదు.

ముందు గాలియద్దము దూరప్రయాణమున ఱొమ్ముపై గాలి తాకిడి తగ్గించి, అలసట తీర్చును. దాని యంచు కన్నులకు దిగువగా నుండవలెను. గాలి తలమీదుగా పోవలెను. ఎత్తు సరిపడనిచో సుడిగాలి సరిగా వెనుకవారి హెల్మెట్టుకే తగులును. కనుక దీనిని పరీక్షించునప్పుడు ఇద్దఱును కూర్చుండి చూడవలెను.

అదనపు దీపములు రాత్రి ప్రయాణమున కని కొందురు. దూరప్రయాణమునకు మొదటి సూత్రము రాత్రి పోకుండుటయే. హైదరాబాదునుండి మన్ననూరు మీదుగా శ్రీశైలము పోవు త్రోవను నల్లమల యడవిలో రాత్రి 9 గంటలనుండి ఉదయము 6 గంటలవఱకు మూసియే యుంతురు. అరకు ఘాటులో పొగమంచు పట్టినప్పుడు ఎక్కువ వెలుతురు మంచుపై పడి తిరిగి కన్నులకే కొట్టును. దీపములు పెట్టించినను క్రిందికి వంచి, ఎదుటివారి కన్నులకు పడకుండ బిగింపవలెను. 20 వాట్ల దీపములు రెండు 12 వోల్టుల బ్యాటరీనుండి మూడు ఆంపియరులకు మించి లాగును. బండి తీగెలు కోసి యతికించుటవలన మంటలు పుట్టుటయు, కంపెనీ హామీ చెల్లకపోవుటయు గలవు. ఫ్యూజు, రిలే యుంచి, కోతలేని ప్లగ్గుతో కలుపువానికే పని యొప్పగింపవలెను.

ఫోను పట్టుకొమ్మ విషయమునను జాగ్రత్త కావలెను. పెద్ద ఇంజనుల వణకు వలన ఫోనులోని కెమెరా చెడునని ఆపిల్ సంస్థయే 2021 లో హెచ్చరించినది. వణకు తగ్గించు రబ్బరుముక్క గలది కొనుట మేలు. త్రోవ చూచు పని వెనుకవారు తీసికొన్నచో అంతకన్న మేలు. చెవులు పగులగొట్టు పొగగొట్టములు, అరచు హారనులు, చీకటి రంగద్దములు – వీనికి ఒక్క పైసా వలదు. తయారీదారు చేసినదానిని ఇచ్చవచ్చినట్లు మార్చుట చట్టవిరుద్ధమును, ఇరుగుపొరుగునకు బాధయును.

చిన్న వస్తువులు, పెద్ద యుపకారములు

పంక్చరు పనిముట్లు, చేతిపంపో బ్యాటరీపంపో, గాలికొలత సాధనము, గొలుసునకు నూనె, విడి ఫ్యూజులు, చిన్న టార్చి – ఇవి యొక సంచిలో పట్టును. మీ బండి టైరు ట్యూబుగలదో, ట్యూబు లేనిదో ముందే తెలిసికొనుడు. ట్యూబు లేనిదానికి త్రాడువంటి అతుకుముక్కను రోడ్డుప్రక్కనే దూర్చవచ్చును, ట్యూబుగలదానికి చక్రము విప్పవలెను. కంబళితో టైరు నింపిన యా అమెరికా యువతి ధైర్యము మెచ్చదగినదే గాని, అతుకుముక్క యుండగా అంత శ్రమ మన కేల? గాయములకు కట్టుబట్ట, క్రిమినాశకము, ఉప్పుపంచదార పొట్లములు వేఱొక సంచిలో నుంచి, అది యెచ్చట నున్నదో ఇద్దఱికిని తెలిసి యుండవలెను. చెవులకు పెట్టుకొను మెత్తని దూదిబిరడాలు గాలిహోరును తగ్గించి సాయంకాలపు తలనొప్పి తప్పించును.

పసిబిడ్డలనుగూర్చి యొకమాట. చట్టము ప్రకారము నడుపువారుగాక మఱియొక్కరే యెక్కవలెను. 2023 ఫిబ్రవరి 15 నుండి అమలులోనున్న నియమము ప్రకారము 9 నెలలు మొదలు 4 ఏండ్లలోపు బిడ్డకు హెల్మెట్టు, నడుపువారికి కట్టు పట్టీ యుండవలెను. వేగము గంటకు 40 కిలోమీటర్లు మించరాదు. ఆ వేగమున దూరప్రయాణము సాగదు. బిడ్డతో పోదలచినచో రైలో, బస్సో క్షేమము.

కొను వరుస

ఉన్న సొమ్మును ఐదు పాళ్లు చేయుడు. మూడు పాళ్లు ఇద్దఱి హెల్మెట్లకు, కోట్లకు, చేతితొడుగులకు, బూట్లకు. ఇందులో ఇద్దఱివియు సమమైన మేలిరకముగా నుండవలెను. ఒక పాలు వెనుకసీటుకు, సామాను సంచులకు, గార్డు నిలుచు చట్రమునకు. ఐదవ పాలు పనిముట్లకు, ముందు కమ్ములకు. అద్దము, దీపములు ఒకటి రెండు ప్రయాణములు చేసిన పిమ్మట, నిజముగా కొఱత తోచినప్పుడు కొనవచ్చును. మొదటి ప్రయాణము నూఱు కిలోమీటర్లలోపు ఊరికి పోయి, అదేదినము తిరిగి వచ్చునట్లు పెట్టుకొన్నచో ఏది యక్కఱయో, ఏది యుత్తబరువో బండియే చెప్పును.

ఇంటిలో బంగారము కొన్నను, బావి త్రవ్వించినను ఆడువారి సలహా తీసికొనుట మన యాచారము. మోటారుసైకిలు పరికరముల పట్టిక చేతికి వచ్చిననాడు, సోదరీమణులారా, దానిని మీరును చదువుడు. పట్టికకు తలమీద మొదటి పంక్తిలో మీ హెల్మెట్టు వ్రాయించుడు. “గార్డు తీయకుండ పెట్టె పెట్టుము” అని మెకానికుతో మీ నోటనే చెప్పుడు. ఇది యాడువారి చాదస్తమని యెవరైన నవ్వినచో నవ్వనిండు. పదునాలుగు వేలకు పైబడిన యిండ్లలో 2022 లో ఈ మాట చెప్పువారు లేకపోయిరి, లేక చెప్పినను వినువారు లేకపోయిరి. మన యిండ్లలో ఈ మాట చెప్పబడుగాక, వినబడుగాక.